ఇవి పిట్ట కుట్లు కావు

జూలై 9

తమ్ముడూ,

ఫోన్‌లో అడిగితే నువ్వు "అంతా బాగానే ఉందక్కా, సరిగ్గా వినపడటం లేదు" అని పెట్టేస్తావు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి కాబట్టి ఈ ఉత్తరం.

మీ పిట్ట ఈ ఏడాది నా క్లాసుకి వచ్చింది. నాలుగో సంవత్సరంలో పశువైద్య విద్యార్థులందరూ నా క్లినికల్ స్కిల్స్ ల్యాబ్‌లో చేతులు అరగదీసుకోవాల్సిందే కదా. నువ్వు చదివిన రోజుల్లో ఇక్కడ నాలుగు చెక్క బల్లలుండేవి. ఇప్పుడు పన్నెండు స్టీలు బల్లలున్నాయి. మూలన నిలువెత్తు ఫైబర్ ఆవు, దాని పొట్టలో రబ్బరు సంచి, అందులో దూడ. పిల్లలు దాన్ని "పెద్దావిడ" అంటారు. భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, అడ్డం తిరిగిన దూడ కాళ్ళు వెతికి తాడు వెయ్యాలి. మరో బల్ల మీద కుక్క కాలి బొమ్మలు, వాటిలో ఎర్ర నీళ్ళు పారే గొట్టాలు. నేను వెనక తిరుగుతూ ఉంటాను. ముఖాలు చూడను, చేతులు చూస్తాను.

పిట్ట నా మేనకోడలని మా హెడ్‌కి తప్ప ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. హాజరు పిలిచేటప్పుడు అది నాకు ముప్పై ఒకటో నంబరు, అంతే.

అడగదలచింది ఇదీ. సెలవులు అయి వచ్చి మూడు వారాలైంది, ఒక్క ఆదివారం కూడా మా ఇంటికి రాలేదు. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం వచ్చి, తిని, నా మంచం మీద అడ్డంగా పడుకుని పోయే పిల్ల. కుట్ల క్లాసు మొదటి రోజు తలనొప్పని వెళ్ళిపోయింది. రెండో రోజు నుంచీ చివరి బల్ల దగ్గర నాకు వీపు పెట్టి, గ్లవ్స్ తీయకుండా నిలబడుతోంది. సెలవుల్లో నువ్వుగానీ మరదలుగానీ ఏమన్నా అన్నారా? లేక నేనే ఏమన్నా అన్నానా?

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క

జూలై 20

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంది. చెమట కూడా పట్టింది.

ఇక్కడ నా రెండు గదుల పశువుల ఆసుపత్రి ఎప్పటిలాగే కురుస్తోంది. కాంపౌండర్ బకెట్లు సర్దడంలో ఆరితేరిపోయాడు. ఈమధ్య ఓ మేక వైద్యానికని వచ్చి, నేను దాని యజమానితో బయట మాట్లాడుతుండగా మా రిజిస్టర్‌లో రెండు పేజీలు నమిలేసింది. పై అధికారికి సంజాయిషీ రాయాలి. మేక తిన్నదంటే ఎవరు నమ్ముతారు చెప్పు.

సెలవుల్లో ఏమీ జరగలేదు. పిట్ట తిన్నది, పడుకున్నది, నాతో పాటు ఆసుపత్రికి వచ్చింది, అంతే. ఇరవై రెండేళ్ళ పిల్లకి ప్రతి ఆదివారం మేనత్త ఇంటికి రావాలని ఉంటుందా? దానికీ స్నేహితులుంటారు. నువ్వు చిన్నప్పుడు నా పెన్సిళ్ళు లెక్కపెట్టినట్టు ఇప్పుడు దాని ఆదివారాలు లెక్కపెట్టకు.

ఒక్క మాట. క్లాసులో అందరి ముందూ పిలిచి దాని చేత ఏమీ చేయించకు. బిడియపడుతుంది.

నీ మరదలు నిన్ను అడిగింది. నీ మోకాలు ఎలా ఉందో రాయమంది.

తమ్ముడు

ఆగస్టు 6

తమ్ముడూ,

నా మోకాలు నాతోనే ఉంది, పోలేదని చెప్పు.

పిట్టకి బిడియమా? మొదటి సంవత్సరంలో బెంచీ ఎక్కి, నా నడకా నా దగ్గూ అనుకరించి క్లాసుని నవ్వించిన పిల్లకా? ఆ సంగతి నాకు తెలియదనుకుంటుంది. నీ ఉత్తరంలో ఇంకో మాట కూడా నాకు మింగుడుపడలేదు. సెలవుల్లో మీరేమన్నా అన్నారా అని అడిగాను. నువ్వు "ఏమీ జరగలేదు" అన్నావు. జరిగిందని నేనన్నానా? ఇంకా ఒకటి. ఆకలేసిన మేక రెండు పేజీలతో ఎందుకు ఆపింది?

సరే, అసలు విషయం. ల్యాబ్‌లో వస్తువులు తగ్గుతున్నాయి. కుట్లు నేర్చుకునే రబ్బరు చర్మం ముక్కలు ఏడు, దారం పొట్లాలు నాలుగు, సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్ ఒకటి. అటెండర్‌ని అడిగితే నసిగాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరమ్మాయిలు తాళం తీయించుకుని లోపల గడియ పెట్టుకుంటున్నారట. ఒకరు పిట్ట. రెండో ఆమె పిట్ట గదిలోనే ఉండే పొడుగమ్మాయి, పిల్లలు "నిచ్చెన" అంటారు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. విద్యార్థులు వారానికి రెండు ముక్కలు గదిలో కుట్టి నాకివ్వాలి. కుట్లు కూడా చేతిరాత లాంటివే, పేరు చూడకుండానే ఎవరివో చెప్పగలను. పిట్ట కుట్లు పోయినేడాది మా ఇంట్లో ఆదివారాలు సాధన చేసినప్పటి నుంచీ ఎరుగుదును. సూది కుడివైపు నుంచి దిగుతుంది, బిగింపు కాస్త ఎక్కువ, దారం కొసలు మరీ పొట్టిగా కత్తిరిస్తుంది, తొందర మనిషి కనుక. ఈ రెండు వారాల్లో ముప్పై ఒకటో నంబరు వేసి ఇచ్చిన నాలుగు ముక్కల్లో సూది ఎడమవైపు నుంచి దిగింది. ముడులు ఎదురుగా తిరిగాయి. కొసలు పొడుగు. కొలిచి పెట్టినట్టు సమానమైన దూరాలు. తమ్ముడూ, ఇది పిట్ట చెయ్యి కాదు. ఇవి పిట్ట కుట్లు కావు. క్లాసు మొత్తంలో ఎడమచేతి వాటం ఒక్కరిదే. నిచ్చెనది.

పిట్టని ఇంకా అడగలేదు. రుజువు లేకుండా అడగడమంటే అబద్ధం చెప్పే వీలు మనమే ఇవ్వడం. ఇంకో రెండు వారాలు చూస్తాను.

నీకేమన్నా తెలిస్తే ఇప్పుడే రాయి.

అక్క

ఆగస్టు 19

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలికి చూపించలేదు. చూపిస్తే ఆవిడ బస్సెక్కేస్తుంది.

నా కూతురు దొంగా? ఇంకొకరి చేత కుట్టించుకుని తన నంబరు వేసుకుందా? మూడేళ్ళు నీ చేతి అన్నం తిన్న పిల్ల గురించి నువ్వు ఇలా రాయగలిగావంటే ఇది ఇవాళ మొదలైన బుద్ధి కాదు. నేను చదివేటప్పుడు నువ్వు ఆ ల్యాబ్‌లో కొత్తగా చేరావు. గుర్రానికి సూది వేసే పరీక్షలో నాకు ఒక్క మార్కు తగ్గించావు. నేను దూది మార్చలేదన్నావు. ఆ ఒక్క మార్కుకి ఆరు నెలలు ఆగిపోయాను. ఆ రోజు నీ పక్కనున్న వాళ్ళంతా నిన్ను మెచ్చుకున్నారు, తమ్ముణ్ణి కూడా వదల్లేదని. నీ నిజాయితీకి సాక్ష్యం కావలసినప్పుడల్లా నువ్వు మా ఇంట్లోంచే తెచ్చుకుంటావు అక్కా. అప్పుడు నేను, ఇప్పుడు పిట్ట.

దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అంతగా నీకు అనుమానంగా ఉంటే దాన్ని మధ్యాహ్నం బ్యాచ్‌కి మార్చు, అప్పుడు చూడు ఎలా చేస్తుందో. పొద్దున పూట దాని వేళ్ళకి పట్టు చిక్కదు.

నువ్వు ఈ సంగతి ఎవరికన్నా చెప్పావా? అది మాత్రం వెంటనే రాయి. మిగతా ఏదీ రాయకపోయినా ఫరవాలేదు.

తమ్ముడు

సెప్టెంబర్ 2

తమ్ముడికి,

చెప్పాను. ఆగస్టు ఇరవై ఒకటిన హెడ్‌కి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చాను. నీ ఉత్తరం ఇరవై నాలుగున చేరింది. ముందే చేరినా ఇచ్చేదాన్నేమో, నాకు తెలియదు. పిట్ట ముప్పై ఒకటో నంబరు, నిచ్చెన పదిహేడో నంబరు, ఇద్దరి పేర్లూ రాశాను. ముక్కలు జత చేశాను. విచారణ సెప్టెంబర్ పదిహేనున.

ఇవ్వకముందు ఆదివారం పొద్దున నేనే వెళ్ళి చూశాను. తలుపుకి చిన్న అద్దం ఉంటుంది. దానికి లోపల్నుంచి వార్తాపత్రిక అంటించి ఉంది. సాధన చేసేవాళ్ళు అద్దానికి కాగితం అంటిస్తారా? లోపల నిచ్చెన గొంతు వినబడింది, ఏదో చెబుతోంది. పిట్ట గొంతు వినబడలేదు. పది నిమిషాలు నిలబడి తిరిగొచ్చేశాను. తలుపు కొట్టలేదు.

ఆ ఒక్క మార్కు సంగతి. దూది మార్చలేదు నువ్వు. ఇవాళైనా అంతే వేస్తాను. కానీ ఆ రోజు వాళ్ళు మెచ్చుకుంటే నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. అది నీకు తెలియదు, నేను చెప్పలేదు.

ఇక నీ ఉత్తరంలో ఒక వాక్యం. దాన్ని నాలుగుసార్లు చదివాను. పొద్దున పూట వేళ్ళకి పట్టు చిక్కదా? ఆ వయసు పిల్లకి ఎందుకు చిక్కదు? వణుకుతున్నాయా? తాగుతోందా? ఇక్కడ అలాంటి పిల్లల్ని చూశాను. నిన్న ల్యాబ్ మందుల బీరువా తెరిచి మత్తుమందు సీసాలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టినందుకు సిగ్గుపడ్డాను, అయినా లెక్కపెట్టాను.

నువ్వేదో దాస్తున్నావు. పదిహేనో తేదీ లోపల రాయి.

అక్క

సెప్టెంబర్ 9

అక్కా,

మేక రిజిస్టర్ తినలేదు. ఆ పేజీలు నేనే చించాను.

మే నెల ఇరవయ్యో తేదీ. గొర్రెల మంద కాసే కుక్కకి పాదం తెగిందని తీసుకొచ్చారు. మాకు తెలిసిన కుక్కే, ఎన్నోసార్లు వచ్చింది. పిట్ట మూతి కట్టడానికి గుడ్డ తెచ్చి నిలబడింది. "అక్కర్లేదు, ఇది మన కుక్కే, పట్టుకో" అన్నాను. బయట ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు. నాకు తొందర. పిట్ట నా ముఖం ఒకసారి చూసి, గుడ్డ పక్కన పెట్టి పట్టుకుంది. నేను గాయం కడగ్గానే కుక్క తల తిప్పి పిట్ట కుడిచెయ్యి పట్టేసింది. విడిపించేసరికి బొటనవేలి మొదలు తెరుచుకుపోయింది.

ఇక్కడి ఆసుపత్రిలో రెండున్నర గంటలు ఆపరేషన్ చేశారు. బొటనవేలూ చూపుడువేలూ ఇప్పటికీ సరిగ్గా కలవవు. పెన్ను పట్టుకుంటుంది, సూది పట్టుకోలేదు. ఏడాదిలో రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

జూన్‌లో యూనివర్సిటీ ఆరోగ్య ఫారం వచ్చింది. గడిచిన ఆరు నెలల్లో గాయాలేమన్నా ఉన్నాయా అని. పిట్ట "ఉంది" అని రాస్తానంది. నేను వద్దన్నాను. రాస్తే కోర్సు ఆపేస్తారు, ఒక సంవత్సరం పోతుంది, రాయకపోతే ఈలోగా చెయ్యి అదే బాగవుతుందన్నాను. "లేవు" అని నేనే రాసి సంతకం పెట్టి దాని ముందు పెట్టాను. అది ఏడుస్తూ సంతకం పెట్టింది. ఆ రోజు కాటు సంగతి రాసి ఉన్న రిజిస్టర్ పేజీలు చించింది కూడా అందుకే. మీ అత్తకి మాత్రం తెలియనివ్వకు అని చెప్పింది కూడా నేనే. తెలిస్తే నువ్వు రూలు ప్రకారం పోతావు, దాని ముఖం చూడవు అనుకున్నాను.

అది ఒక కారణం. రెండోది రాయడానికి ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. ముందు మూతి కట్టు, తర్వాతే వైద్యం అని నువ్వు మాకు మొదటి రోజు మొదటి గంటలో చెప్పావు. ఇరవై ఆరేళ్ళు వైద్యం చేసిన నేను ఆ ఒక్కటీ చెయ్యలేదని నీకు తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. దాని చెయ్యి కంటే ఆ సంగతే ఎక్కువ దాచాను.

ఆ కుట్లు ఎవరివో నాకు తెలియదు. నిజంగా తెలియదు. పిట్ట నాకు ఉత్తరాలు రాయడం మానేసింది.

నీకు ఏది సరి అనిపిస్తే అది చెయ్యి.

తమ్ముడు

సెప్టెంబర్ 17

తమ్ముడూ,

నీ ఉత్తరం పద్నాలుగో తేదీ మధ్యాహ్నం అందింది. చదివి, కోటు తీయకుండానే హాస్టల్‌కి వెళ్ళాను.

చిన్న గది. రెండు మంచాలు, మధ్యలో ఒక బల్ల, బల్ల అంచుకి మేకులతో కొట్టిన రబ్బరు ముక్క, దాని మీద సగం వేసిన కుట్లు. నేను వెతుకుతున్న నీడిల్ హోల్డర్ అక్కడే ఉంది. నిచ్చెన నన్ను చూసి లేచి బయటికి వెళ్ళిపోయింది. పిట్ట మంచం మీద కూర్చుని కుడిచెయ్యి దుప్పటి కింద పెట్టుకుంది.

"చూపించు" అన్నాను.

చూపించింది. మచ్చ బొటనవేలి మొదటి నుంచి మణికట్టు దాకా ఉంది. కుట్లు బాగా వేశారు. నాకు ముందు ఆ ఆలోచనే వచ్చింది చూడు, ఏం మనిషినో.

నేను నోరు తెరవకముందే ఎడమచేత్తో హోల్డర్ తీసుకుని మిగిలిన సగం కుట్టింది. సూది ఎడమ నుంచి దిగింది. ముడి ఎదురు తిరిగింది. కొలిచినట్టు సమానమైన దూరాలు. ఎందుకంటే ప్రతి కుట్టుకీ ఆగి, చూసుకుని, మళ్ళీ దించుతోంది. తొందర మనిషి కాదు ఇప్పుడు. నాలుగు నెలల క్రితం ఎడమచేత్తో దువ్వెన పట్టుకోవడం కూడా రాని పిల్ల. నిచ్చెన నేర్పింది, గదిలో పొద్దునా సాయంత్రం, ల్యాబ్‌లో ఆదివారాలు. నాకు కనబడకూడదని అద్దానికి కాగితం. నేను పట్టుకున్న రుజువు నిజమే తమ్ముడూ. చెయ్యి మారిన మాట నిజం. మనిషి మారిందనుకున్నాను.

ఎందుకు చెప్పలేదే అన్నాను. అది నా వైపు చూడకుండా దారం కత్తిరించింది.

"నాన్న వద్దన్నాడు. అయినా నువ్వు ఒక్కసారి అడిగుంటే చెప్పేసేదాన్ని అత్తా. రెండు నెలలు ప్రతి క్లాసులో అనుకున్నాను, ఇవాళ అడుగుతుందని. నువ్వు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయేదానివి."



మర్నాడు విచారణలో ముగ్గురున్నారు. నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానంటే హెడ్ కుదరదన్నారు. రెండో కాగితం రాసి జత చేశాను. విద్యార్థినిని అడగకుండా ఆరోపించానని, తప్పు నాదని. నీ ఉత్తరం ఇవ్వాలా వద్దా అని చివరి నిమిషం దాకా సంచిలో చెయ్యి పెట్టుకునే ఉన్నాను. ఇవ్వనక్కర్లేకపోయింది. పిట్టే లేచి ఫారంలో అబద్ధం రాశామని, ఆసుపత్రి రిజిస్టర్ పేజీలు తీసేశామని చెప్పింది. "మా నాన్న రాశాడు" అనలేదు. "మేం రాశాం" అంది. తర్వాత వాళ్ళ ముందే కుట్టి చూపించింది.

ఫలితం ఇదీ. కుట్ల విషయంలో ఇద్దరి తప్పూ లేదని తేల్చారు. వస్తువులు తీసుకెళ్ళినందుకు ఇద్దరికీ మందలింపు. ఫారం విషయంలో పిట్టకి లిఖిత హెచ్చరిక, పైగా ఆపరేషన్ థియేటర్ పోస్టింగ్ ఆరు నెలలు వాయిదా. చెయ్యి డాక్టర్ల బోర్డు చూడాలి. ఏ చేత్తో చేసినా సరే, పరీక్ష పాసైతే కొనసాగిస్తారు. పరీక్ష నవంబర్ ఇరవై ఆరున. దాని పరీక్షకి నేను ఉండకూడదని నేనే రాసిచ్చాను. నీ ఆసుపత్రి రిజిస్టర్ సంగతి మీ శాఖకి రాస్తారు. ఆపమని నేను అడగలేదు. నువ్వు అడగమని రాయకు.

అక్క

అక్టోబర్ 3

అక్కా,

శాఖ నుంచి నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు రాసి పంపాను. రెండు ఇంక్రిమెంట్లు ఆపుతారంటున్నారు. ఆపనీ. కాంపౌండర్ నాకంటే ఎక్కువ బాధపడ్డాడు, మేక కథ వాడు కూడా నమ్మాడు పాపం. నీ మరదలికి అంతా చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిన పిల్లని అక్కర్లేదన్నారా అని ఒకే ఒక్క మాట అడిగింది. అంతకంటే మూడు రోజుల మౌనమే నయం.

పిట్టకి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అక్కా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అవి దానికి అందుతున్నాయా? పరీక్ష అయ్యేదాకా మనసు చెదరకూడదని నువ్వుగానీ ఆపి ఉంచావా? నువ్వు అలా చేసే మనిషివే కాబట్టి అడుగుతున్నాను. ఆపితే ఆపావని చెప్పు. ఆపలేదంటే అది ఇంకా కష్టం నాకు.

తమ్ముడు

నవంబర్ 29

తమ్ముడూ,

ఆపలేదు. కష్టమైనా అదే నిజం. నాలుగూ దాని బల్ల మీద ఉన్నాయి, అంటించిన అంచు కూడా లేవలేదు. చదవమని నేను చెప్పలేదు. పారెయ్యలేదు, అది చూసుకో.

పరీక్ష అయింది. డాక్టర్ల బోర్డు కూడా సరేనంది. నన్ను ఆ భవనంలోకే రావద్దన్నారు కాబట్టి ఎదురుగా లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాను. మూడు గంటల తర్వాత పిల్లలు బయటికొచ్చారు. పిట్ట చివర్న వచ్చింది. నన్ను చూసింది, తల ఊపింది, నిచ్చెనతో వెళ్ళిపోయింది. పాసయిందని సాయంత్రం నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నాను, అందరిలాగే. పద్నాలుగు అంశాల్లో పన్నెండు. పెద్దావిడ దగ్గర దూడని తిప్పడం, రక్తనాళంలో సూది, మూతి కట్టడం, అన్నీ. పోయిన రెండూ లోతు గాయాల కుట్లు. అవి మార్చిలో మళ్ళీ.

ఇవాళ ఆదివారం. పది గంటలకి తలుపు కొట్టారు. తీస్తే పిట్ట. సెలవుల తర్వాత ఇదే మొదటిసారి. లోపలికొచ్చింది కానీ మంచం వైపు పోలేదు, వంటింట్లో బల్ల దగ్గర నిలబడి సంచిలోంచి రబ్బరు ముక్కలు తీసింది. లోతు గాయంలో ముడి అడుగున బిగియడం లేదట. నిచ్చెనకి కూడా అది సరిగ్గా రాదట. నేర్పమంది.

నాకు కుడిచేత్తో వచ్చు. కళ్ళు మూసుకుని చెయ్యగలను. నేను కుడిచేత్తో చేసింది చూసి అది ఎడమకి తిప్పుకోలేక రెండుసార్లు తప్పింది. అప్పుడు హోల్డర్ నేను ఎడమచేత్తో తీసుకున్నాను. ఒరేయ్, ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నదాన్ని, సూది పట్టుకోవడమే రాలేదు. రెండుసార్లు కిందపడింది. మూడోసారి దిగింది కానీ ముడి వేసేసరికి జారిపోయింది. పిట్ట నా వెనక నిలబడి చూస్తోంది. ఇన్నేళ్ళూ పిల్లల వెనక నిలబడి చూసినదాన్ని. అలా వెనక ఒకరు నిలబడితే ఎంత బరువుగా ఉంటుందో నా వీపుకి ఇవాళ తెలిసింది.

నాలుగోసారి సూది మళ్ళీ జారింది. పిట్ట గమనించింది. గమనించి వెనకనుంచి జరిగి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఇంకోసారి వెయ్యత్తా, తొందరేం లేదు" అంది.

భోజనాల వేళ దాకా వేశాం. నాకు ఒక్క ముడి నిలబడింది, దానికి మూడు. తిని వెళ్ళింది. పడుకోలేదు. వచ్చే ఆదివారం వస్తానని అనలేదు, ముక్కలు మాత్రం బల్ల మీదే వదిలిపెట్టి వెళ్ళింది.

నువ్వు ఐదో ఉత్తరం రాయకు. బయల్దేరి రా. మరదలిని కూడా తీసుకురా. పిట్ట ఏమన్నా అంటే నిలబడి వినాలి, మధ్యలో మాట్లాడకూడదు. ఏమీ అనకపోతే అప్పుడూ నిలబడాలి. బస్సు పొద్దున ఆరున్నరకి బయల్దేరుతుంది, కనుక్కున్నాను.

అక్క